యానాంలో మాట పడిపోయినప్పుడు: పక్షవాత వైద్యశిక్షణ చరిత్రలో భాష స్థానం

తెలుగులో ప్రాణాపాయమైన జబ్బులకున్న పేర్లను పక్కపక్కన రాసుకొని చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. గుండెకు వచ్చే ఆపదను 'గుండెపోటు' అంటాం. ఆ మాటలో అవయవమూ ఉంది, ఆపదా ఉంది. అది చెవిని పడగానే ఇంట్లోవాళ్ళు బండి కోసం వీధిలోకి పరుగెడతారు. మెదడుకు వచ్చే ఆపదను మాత్రం 'పక్షవాతం' అంటాం. పక్షమంటే శరీరంలో ఒక వైపు. వాతమంటే ఆయుర్వేదం చెప్పే మూడు దోషాల్లో ఒకటి. ఈ మాటలో మెదడు లేదు, తొందర అంతకన్నా లేదు. పైగా ఆ 'వాతం' అనే ఉత్తరపదం దీన్ని కీళ్ళవాతం వంటి నిదానపు జబ్బుల సరసన కూర్చోబెడుతుంది. కీళ్ళవాతానికి ఎవరూ అర్ధరాత్రి ఆసుపత్రి తలుపు తట్టరు కదా.

భాషాశాస్త్రం చదువుకున్నవాళ్ళకు ఈ వైద్యం గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. పక్షవాతానికి సకాలంలో వైద్యం అందాలంటే మొదట జరగవలసింది ఒక వాక్యాన్ని ఒకరు చెప్పడం, మరొకరు దాన్ని సరిగా వినడం. చెప్పేది భార్యో, కొడుకో, పక్కింటివాళ్ళో. వినేది నర్సో, అంబులెన్సు మనిషో, డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరో. వైద్యులకూ సిబ్బందికీ చదువు ముగిసిన తరవాత ఇచ్చే శిక్షణ, అంటే నిరంతర వైద్యవిద్య, ఈ వినడాన్ని కూడా నేర్పాలన్నది మా వాదన. దీనికి యానాంను ఉదాహరణగా తీసుకుంటున్నాము. అక్కడి జనం మాట తెలుగు. కాని అక్కడికి వైద్యం చదువు మాత్రం చాలాకాలంగా వేరే భాషల్లో, వేరే ఊళ్ళ నుంచి వస్తున్నది.

యానాం గౌతమీ గోదావరి నుంచి కోరింగ పాయ చీలే చోట ఉన్న చిన్న ఊరు. ఫ్రెంచివాళ్ళు అక్కడికి మొదట 1723లో వచ్చారు. కొన్నేళ్ళకు వదలి వెళ్ళి, 1731లో మళ్ళీ స్థిరపడ్డారు. మధ్యలో ఇంగ్లీషువాళ్ళ చేతుల్లోకి పోయి వచ్చిన సందర్భాలను మినహాయిస్తే 1954 దాకా అది ఫ్రెంచి పాలనలోనే ఉంది. ఆ సంవత్సరం జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనోద్యమకారులు ఊరిని స్వాధీనం చేసుకున్నారు. నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. చట్టరీత్యా బదిలీ పూర్తయింది 1962 ఆగస్టు 16న. నేడు యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక జిల్లా. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 55,626 మంది ఉన్నారు. రాజధాని పుదుచ్చేరి వందల కిలోమీటర్ల దూరాన, తమిళదేశంలో ఉంది. కాకినాడ మాత్రం ముప్ఫై కిలోమీటర్ల లోపే.

ఈ భౌగోళిక స్థితి వైద్యంలో కూడా రెండు దారులు చూపించింది. మొదటిది అధికారపు దారి. ఫ్రెంచి ప్రభుత్వం పుదుచ్చేరిలో 1823లో ఒక వైద్యపాఠశాలను నెలకొల్పింది. అదే 1956లో ధన్వంతరి వైద్యకళాశాలగా, 1964లో జిప్మెర్‌గా మారింది. 2008లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. రెండవది అవసరపు దారి. 1958లో కాకినాడలో రంగరాయ వైద్యకళాశాల వచ్చాక, పెద్ద జబ్బు చేస్తే యానాం మనిషి చూపు సహజంగా అటే తిరిగింది. కాగితాల మీద యానాం ముఖం దక్షిణానికి, మంచం పట్టిన మనిషి ముఖం ఉత్తరానికి అన్నమాట. నది అవతలి కోనసీమవాళ్ళు యానాం రావాలంటే, ఎదుర్లంక వంతెన పడేదాకా, రేవులో పడవకోసమో పంటుకోసమో కాచుకోవలసిందే.

ఇక్కడ ఒక చారిత్రక యాదృచ్ఛికాన్ని చెప్పుకోవాలి. మెదడు దెబ్బతింటే మాట ఎందుకు పోతుందన్న శాస్త్రం యానాం పాలకుల భాషలోనే పుట్టింది. 1861లో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి చనిపోయాడు. అతను చాలా ఏళ్ళుగా 'టాన్' అన్న ఒక్క శబ్దం తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయాడు. కుడి కాలూ చెయ్యీ కూడా చచ్చుబడ్డాయి. పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడు అతని మెదడును పరీక్షించి, ముందు భాగంలో ఎడమవైపు దెబ్బ ఉన్నదని చూపించాడు. మరికొందరు రోగులను చూసిన తరవాత, 1865 నాటికి, మనం మాట్లాడేది ఎడమ మెదడుతో అని నిర్ధారించాడు. ఈ స్థితికి బ్రోకా పెట్టిన పేరును కాదని త్రూసో అనే మరో ఫ్రెంచి వైద్యుడు 1864లో 'అఫాసీ' అన్నాడు. నేటి 'అఫేజియా' అదే. తెలుగులో కొందరు వాగ్వైకల్యమంటున్నారు. మన ఇళ్ళలో 'మాట పడిపోయింది' అంటారు. కుడిపక్షం పడినవాళ్ళకు తరచు మాట కూడా ఎందుకు పోతుందో దీనితో తేటపడింది. ఎడమ మెదడు కుడి చేతినీ నడుపుతుంది, మాటనూ నడుపుతుంది.

ఆ తరవాత బోర్డో నగరపు వైద్యుడు పీత్ర్ 1895లో ఇంకొక ప్రశ్న వేశాడు. రెండు మూడు భాషలు తెలిసిన మనిషికి మాట పోతే ఏ భాష ముందు తిరిగి వస్తుంది? జబ్బుకు ముందు ఎక్కువ వాడుకలో ఉన్న భాషే ముందు వస్తుందని అతని సిద్ధాంతం. అంతకుముందే రిబో అనే పండితుడు, పాత జ్ఞాపకాలే గట్టిగా నిలుస్తాయి గనుక చిన్ననాటి భాషే మిగులుతుందని సూచించాడు. ఈ చర్చ నేటికీ పూర్తిగా తెగలేదు. రోగులను బట్టి ఫలితాలు మారుతూనే ఉన్నాయి. కాని ఈ ప్రశ్న యానాంకు అతికినట్టు మరో తెలుగు ఊరికి అతకదు. ఇంట్లో తెలుగు, పాతతరం దస్తావేజుల్లో ఫ్రెంచి, ఉద్యోగంకోసం పుదుచ్చేరి వెళ్తే తమిళం, పిల్లల చదువుల్లో ఇంగ్లీషు. ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకున్న కుటుంబాలు అక్కడ ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. అలాంటి ఇంటి పెద్దాయన మాట పడిపోయి ఆసుపత్రికి వస్తే, 'ఈయన ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?' అన్నది మర్యాద ప్రశ్న కాదు, వైద్యప్రశ్న.

అయితే ఈ శాస్త్రమంతా వంద సంవత్సరాలకు పైగా జబ్బును వర్ణించడానికే పనికివచ్చింది గాని, నయం చేయడానికి పెద్దగా ఉపయోగపడలేదు. 1970లలో సీటీ స్కాను వచ్చాక బతికున్న మనిషి మెదడులో రక్తనాళం పూడిందా, చిట్లిందా అన్నది తెలుసుకోవడం వీలయింది. ఆ పైన 1995లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన పరిస్థితిని మార్చింది. నాళం పూడినవాళ్ళకు గడ్డను కరిగించే మందును మూడు గంటల లోపు ఎక్కిస్తే వైకల్యం తగ్గుతుందని అది నిరూపించింది. 2008లో ఐరోపావారి పరిశోధన ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. 2015లో పెద్ద నాళంలోని గడ్డను సన్నని గొట్టంతో బయటికి లాగే చికిత్స స్థిరపడింది. స్కాను ఆధారంగా ఎంపిక చేసిన కొందరికి ఆ తరవాత గడువు ఇంకా పెరిగింది. చికిత్స అందని ప్రతి నిమిషానికీ సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక వైద్యుడు లెక్కకట్టాడు. అంటే వందేళ్ళు నిదానంగా నడిచిన జబ్బు మన కళ్ళముందే గడియారం పెట్టుకొని చూడవలసిన జబ్బుగా మారింది. తెలుగులో దాని పేరు మాత్రం మారలేదు.

ఈ మార్పు మా ఇంట్లోకి రాకముందు జరిగిన సంగతి ఒకటి చెప్పక తప్పదు. 2009 వేసవిలో గౌతమి ఒడ్డున ఉన్న మా మేనమామగారి ఊరికి ఒక ఉదయం ఫోను చేశాము. 'ఏరా, గొడుగు తాగావా?' అన్నాడాయన. కాఫీ అనబోయి గొడుగు అన్నాడు. మేము నవ్వాము. వెనక నుంచి అత్తయ్య, 'మీ మావయ్యకి ఎండ తలకెక్కినట్టుంది, పొద్దున్న లేచిందగ్గర్నుంచీ ఇంతే' అని తనూ నవ్వింది. ఒక మాట బదులు మరో మాట రావడాన్ని ఏమంటారో, దానికి ఎన్ని రకాలున్నాయో మేము అప్పటికి ఎన్నో ఏళ్ళుగా తరగతిలో పాఠం చెబుతున్నాము. అయినా 'అత్తా, వెంటనే కాకినాడ తీసుకువెళ్ళు' అన్న వాక్యం మా నోటినుంచి రాలేదు. మధ్యాహ్నానికి కుడిచెయ్యి పడిపోయింది. 'వాతం కమ్మింది' అని ఊళ్ళోవాళ్ళు తైలం రాశారు. ఎవరో పసరు మందు గురించి చెప్పారు. ఆసుపత్రి చేరేసరికి రాత్రయింది.

ఆయన ఆ తరవాత నాలుగేళ్ళు బతికాడు. సుప్రభాతం మొదటినుంచి చివరిదాకా తప్పులేకుండా చదివేవాడు. మంచినీళ్ళు కావాలని మాత్రం అడగలేకపోయేవాడు. కంఠస్థమైన మాట నిలిచి, కావలసిన మాట పోవడం ఈ జబ్బులో తరచు కనిపించేదే. 19వ శతాబ్దిలోనే వైద్యులు దీన్ని రాసిపెట్టారు. ఆ సంగతి తెలిసి ఉండడం మాకు ఏమంత ఓదార్పు కాలేదు. జ్ఞానం ఉన్నచోట శిక్షణ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మమ్మల్ని మించిన ఉదాహరణ అక్కర్లేదని మాత్రం అనిపించింది.

శిక్షణ విషయానికి వద్దాం. మన దేశంలో వైద్యులు ఐదేళ్ళలో కనీసం 30 గంటలు నిరంతర వైద్యవిద్యా సమావేశాల్లో పాల్గొనాలని భారత వైద్యమండలి 2002 నాటి నియమావళి చెప్పింది. 2010లో కేంద్రప్రభుత్వం కేన్సరు, మధుమేహం, గుండెజబ్బులతోపాటు పక్షవాతాన్ని కూడా ఒక జాతీయ కార్యక్రమంలో చేర్చింది. 2019లో పక్షవాతం నివారణ, చికిత్సలపై మార్గదర్శకాలను ప్రకటించింది. ఏటా అక్టోబరు 29న ప్రపంచ పక్షవాత దినం జరుగుతున్నది. యానాంలో జిప్మెర్ వారి బహుళవిభాగ వైద్యకేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమయింది. 1823లో పుదుచ్చేరిలో మొదలైన వైద్యపాఠశాల పేరు రెండు వందల సంవత్సరాల తరవాత గౌతమి ఒడ్డున బోర్డు మీదికి ఎక్కింది. పుదుచ్చేరి అధికారభాషల చట్టం 1965లోనే యానాం వరకు తెలుగును గుర్తించింది. కనుక అక్కడ తెలుగులో శిక్షణ కోరడం ఎవరినీ అదనంగా ఏదో ఇమ్మని అడగడం కాదు.

అయితే తెలుగులో శిక్షణ అంటే ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులోకి మార్చడమేనా? ఇక్కడే భాషాశాస్త్రం పని మొదలవుతుంది. రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది కాలాన్ని అడిగే ప్రశ్న. మందు ఎక్కించాలంటే జబ్బు ఎప్పుడు మొదలయిందో తెలియాలి. మన సిబ్బంది సాధారణంగా 'ఎప్పుడు వచ్చింది?' అని అడుగుతారు. ఇంట్లోవాళ్ళు 'పొద్దున్న ఆరింటికి' అంటారు. కాని ఆరింటికి వాళ్ళు చూశారు, అంతే. జబ్బు రాత్రి నిద్రలో ఏ రెండింటికో వచ్చి ఉండవచ్చు. తెలుగులో 'వచ్చింది' అన్న క్రియ జబ్బు మొదలుకావడాన్నీ, అది మన కంటబడడాన్నీ కలిపేస్తుంది. వైద్యుడికి కావలసినది వేరు. 'ఆయన మామూలుగా ఉండగా ఆఖరిసారి ఎవరు చూశారు? ఎన్ని గంటలకు?' అని అడగాలి. ఆ జవాబు నుంచే గడియారం లెక్కపెట్టాలి. 'రాత్రి తొమ్మిదింటికి అన్నం తిని మాట్లాడి పడుకున్నాడు' అని అప్పుడు బయటికి వస్తుంది. మా మేనమామ సంగతిలో కూడా 'లేచిందగ్గర్నుంచీ' అన్న అత్తయ్య మాటలోనే ఆ సమాచారం ఉంది. అడిగి తీసుకునేవాళ్ళే లేకపోయారు.

రెండవది మాటను పరీక్షించే పద్ధతి. పక్షవాతం తీవ్రతను కొలవడానికి ప్రపంచమంతటా వాడే అమెరికా కొలమానం ఒకటి ఉంది. అది 1989లో అచ్చయింది. సున్నా నుంచి 42 దాకా అంకెలు వేస్తారు. ఇందులో రోగికి బొమ్మలు చూపి పేర్లు చెప్పమంటారు. చాలాకాలం వాడిన కాగితం మీది బొమ్మలు ఇవి: చేతితొడుగు, తాళంచెవి, ఎడారి జెముడు, కుర్చీ, ఈక, రెండు కొసల మధ్య వేలాడే వలపడక. గౌతమిలో వేటకు వెళ్ళే మనిషి ఆ జెముడు బొమ్మను చూసి ఊరుకుంటే అతనికి మాట పోయిందనాలా, లేక ఆ మొక్కను అతను ఆ ఆకారంలో ఎన్నడూ చూడలేదనాలా? వలపడకను 'వల' అంటే తప్పు వేయాలా? చదివించే పదాల్లో ఒక అమెరికా అడవిపండు పేరు, బేస్‌బాల్ ఆటగాడు ఉన్నారు. ఆ మాటలు అక్కడ ఎందుకున్నాయో గ్రహిస్తే తప్ప వాటికి బదులు ఏం పెట్టాలో తెలియదు. పెదవులు, నాలుక కొన, గొంతు వెనకభాగం వేరువేరుగా ఎలా పనిచేస్తున్నాయో చూడడం వాటి ప్రయోజనం. తెలుగులో అందుకు 'పప్పు', 'తాత', 'లడ్డు', 'కాకి' వంటివి సరిపోవచ్చు. ఇవి పెదవి, పన్ను, మడిచిన నాలుక, గొంతు అనే నాలుగు చోట్లనూ తడుముతాయి. 'కల', 'కాల' అన్న జంట పలికిస్తే హ్రస్వదీర్ఘాలు నిలిచాయో లేదో తెలుస్తుంది. ఇవి మా సూచనలు మాత్రమే. ఆరోగ్యవంతుల మీద, చదువురానివారి మీద కూడా పరీక్షించి నిగ్గు తేల్చాక గాని ఇలాంటివాటిని ఆసుపత్రిలో వాడకూడదు.

ఇంకొక చిక్కు. 'మాట పడిపోయింది' అన్న మన పలుకుబడి రెండు వేరు స్థితులను కలిపి చెబుతుంది. నాలుక తిరగక మాట ముద్దగా రావడం ఒకటి. నాలుక బాగానే ఉండి, పదం దొరకకపోవడం, లేదా కాఫీకి గొడుగు రావడం రెండవది. రెండూ ఆపదలే, రెండింటికీ ఆసుపత్రే. కాని మొదటిది ఎవరికైనా జబ్బుగా కనిపిస్తుంది. రెండవదాన్ని చాదస్తమనో, మతిమరుపనో, తాగాడనో, చివరికి హాస్యమనో అనుకుంటారు. శిక్షణలో దీన్ని ప్రత్యేకంగా వినిపించాలి. నిజమైన రోగుల తెలుగు మాటలను, వారి అనుమతితో రికార్డు చేసి, నర్సులకూ ఆశా కార్యకర్తలకూ అంబులెన్సు సిబ్బందికీ వినిపించడం కంటే మంచి పాఠం ఉండదు.

ఇది అసాధ్యమేమీ కాదనడానికి హైదరాబాదే నిదర్శనం. అక్కడి నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం, తెలుగుకు తగినట్టు మలచిన పరీక్షలతో, 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. జబ్బు తరవాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు ఒకే భాష తెలిసినవాళ్ళలో 19.6 శాతం కాగా, రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు తెలిసినవాళ్ళలో 40.5 శాతం. అయితే మాట పోవడం విషయంలో ఇద్దరికీ తేడా కనబడలేదు. అంటే బహుభాషాపరిజ్ఞానం ఆలోచనకు కొంత అండగా నిలుస్తుందేమో గాని, మాటకు కవచం కాదు. ఇల్లు దాటగానే భాష మార్చుకొని బతికే మనవంటివాళ్ళు ఈ రెండు సంగతులనూ కలిపి గుర్తుంచుకోవాలి.

ఈ సంచిక చదివే విద్యార్థుల్లో చాలామంది చెన్నైలోనో, ఢిల్లీలోనో, సముద్రాల అవతలనో ఉన్నారు. అమ్మమ్మతోనో తాతగారితోనో మీకున్న సంబంధం ఎక్కువగా గొంతు ద్వారానే. అందువల్ల పక్షవాతం తొలి లక్షణం మీ చెవికే ముందు తగలవచ్చు. మాట తేడాగా వినిపిస్తే మూడు సంగతులు అడగండి. నవ్వమంటే మూతి ఒకవైపు లాగుతున్నదా? రెండు చేతులూ చాచమంటే ఒకటి వాలిపోతున్నదా? చిన్న వాక్యం చెప్పమంటే తడబాటు ఉన్నదా? ఏ ఒక్కటి ఉన్నా, ఆఖరిసారి మామూలుగా ఉన్న వేళ అడిగి రాసుకొని, 108కి ఫోను చేయించి, స్కాను ఉన్న ఆసుపత్రికి పంపండి. లక్షణాలు కాసేపటికి తగ్గిపోయినా పంపవలసిందే. తైలమూ పసరూ ఆగగలవు, మెదడు ఆగలేదు.

మరొక చిన్న పని కూడా అప్పగిస్తున్నాము. మీ ఊళ్ళో, మీ ఇంట్లో ఈ జబ్బును ఏయే మాటల్లో చెబుతారో పెద్దవాళ్ళను అడిగి రాయండి. చెయ్యి పడిపోయింది, మూతి వంకర పోయింది, వాతం కమ్మింది, గాలి సోకింది వంటివి ఒక్కొక్క సీమలో ఒక్కొక్క తీరు. కొందరు ఈమధ్య 'మెదడుపోటు' అంటున్నారు. ఆ మాట నిలుస్తుందో లేదో వ్యాకర్తలు తేల్చలేరు, వాడేవాళ్ళు తేలుస్తారు. ఏదో ఒక తెలుగు మాట చెవిని పడగానే మనిషి లేచి బండి కోసం పరుగెత్తే రోజు రావాలి. మా మేనమామ 'గొడుగు తాగావా' అన్న ఆ ఉదయం మాకు అందని మాట అదే.